పచ్చబొట్టు తొలగించుకొనదలచిన వారికి: లేజరు చికిత్సనుండి ఏమి ఆశించవచ్చును?

పచ్చబొట్టు పోవుటకు ఏదైనా ఆకుపసరు గాని, లేపనము గాని తెలుపవలసినదిగా కోరుచు పాఠకులనుండి ఉత్తరములు తరచుగా వచ్చుచున్నవి. వ్రాయువారిలో ఉద్యోగ ప్రయత్నములో నున్న యువకులు కలరు; పెండ్లి కుదిరిన ఆడపిల్లల తల్లులు కలరు. వారందరికి ముందుగా ఒక్క మాట చెప్పవలసియున్నది. పచ్చబొట్టును తుడిచివేయు లేపనము ఆయుర్వేదములో లేదు, మరే వైద్యములోను లేదు. ఉన్నదని చెప్పి అమ్మువారిని నమ్మవలదు. ఎందుకు లేదో, ఉన్న మార్గము ఎట్టిదో, దానినుండి ఎంత ఆశించవచ్చునో ఈ వ్యాసములో వివరించెదను.

గోరింటాకు, పచ్చబొట్టు: భేదమేమి?

ఆషాఢమాసములో మన ఆడవారు పెట్టుకొను గోరింటాకు రెండు మూడు వారములలో దానంతటదే పోవును. పచ్చబొట్టు మాత్రము కాటివరకు వెంటవచ్చునని పెద్దలందురు. రెండును చర్మముపైనే ఉన్నట్లు కనిపించినను, ఉండు చోటులు వేరు.

సుశ్రుతాచార్యులు శారీరస్థానములో చర్మమునకు ఏడు పొరలు చెప్పినారు. అవభాసిని, లోహిత, శ్వేత, తామ్ర, వేదిని, రోహిణి, మాంసధర అని వాటి పేర్లు. ఒక్కొక్క పొర మందమును వడ్లగింజతో పోల్చి కొలత కూడ ఇచ్చినారు. అన్నింటికంటె పైదైన అవభాసిని వడ్లగింజలో పదునెనిమిదవ వంతు మాత్రమే. ఆధునికులు ఈ పొరలను మరొక విధముగా విభజించినారు. వారి లెక్కలో చర్మపు పైభాగము సుమారు నెలరోజులకొకసారి రాలి, క్రొత్తది వచ్చుచుండును. గోరింటాకు రంగు ఈ రాలిపోవు భాగములోనే ఉండును గనుక దానితోనే పోవును. పచ్చబొట్టు సూది ఆ భాగమును దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున, రాలిపోని పొరలో రంగును విడుచును.

అచ్చట మరొక వింత కలదు. రంగు రేణువు దేహమునకు పరాయి వస్తువు. దానిని తొలగించుటకై రక్షక కణములు వచ్చి మ్రింగును. కాని రేణువు పెద్దది యగుటచే అరిగించుకొనలేక, మోసికొని పోలేక, అక్కడనే ఉండిపోవును. ఆ కణము చనిపోయినచో బయటపడిన రేణువును ప్రక్కనున్న క్రొత్త కణము మ్రింగును. 2018లో ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞులు ఎలుకలపై పరిశోధించి ఈ సంగతిని వెల్లడించినారు. కావలివాడు మారునే గాని ఖైదీ మారడు. పచ్చబొట్టు ఏండ్లతరబడి నిలుచుటకు కారణమిదే. మనవారు వేయు మసి నల్లనిదే యైనను, లోతున నుండుటచే వెలుతురు చెదరి పచ్చగా, నీలముగా కనిపించును.

ఇపుడు పాఠకులే ఆలోచింపవచ్చును. పైపొరకు రాసిన నిమ్మరసమో, పసుపో, కలబందయో అంత లోతునకు పోయి, కణము లోపలనున్న మసిని ఎట్లు కరిగింపగలదు?

నా చేతి తప్పు

నిమ్మరసము రాసినవారికి పోయినది కాలమే. కాని కొందరు అంతటితో ఆగక నల్లజీడి నూనె పెట్టుచున్నారు. సున్నము, ఉప్పు కలిపి రుద్దుచున్నారు. యాసిడ్ చుక్కలు వేయుచున్నారు. నల్లజీడి శుద్ధి చేసి, తగిన అనుపానముతో వైద్యుడు ఇచ్చినపుడే ఔషధము. చర్మముపై పచ్చిగా పెట్టినచో పొక్కులు లేచి పుండు పడును. ఇట్టి పుండ్లతో నా వద్దకు వచ్చినవారిని అనేకులను చూచినాను.

ఇతరుల తప్పులు చెప్పి నా తప్పును దాచుట ధర్మము కాదు. సుమారు నలుబది ఏండ్ల క్రిందట, నేను గురుకులమునుండి వచ్చి క్రొత్తగా వైద్యము ప్రారంభించిన దినములలో, ఒక తల్లి తన కుమార్తెను తీసికొని వచ్చినది. పెండ్లి కుదిరినది, ముంజేతిపై ఒక పేరు పచ్చబొట్టుగా ఉన్నది. క్షారకర్మ నేర్చినవాడనను ధైర్యముతో ఉత్తరేణి క్షారమును ఆ పేరుపై పెట్టినాను. అక్షరములు చాలవరకు పోయినవి. వాటి స్థానములో ఉబ్బెత్తు మచ్చ ఏర్పడినది. ఆమె నేటికిని నిండుచేతుల రవికయే ధరించుచున్నది. ఆ సంగతి విన్నవించినపుడు మా గురువుగారు, "క్షారము నీ చేతిలో నున్నది గాని, అది ఎక్కడ ఆగవలెనో నీ చేతిలో లేదు. రంగును తీసి మచ్చను ఇచ్చినావు" అన్నారు. పచ్చబొట్టు తొలగించు పాత పద్ధతులన్నింటి లోపము ఆ ఒక్క మాటలో ఉన్నది. ఉప్పుతో రుద్దినను, కాల్చినను, చెక్కినను రంగుతోబాటు చర్మము కూడ పోవును.

లేజరు చేయు పని

చర్మమును విడిచి రంగును మాత్రమే కొట్టు సాధనము కావలెను. లేజరు ఆ అవసరమును చాలవరకు తీర్చినది. 1960లో అమెరికాలో థియోడర్ మైమన్ మొదటి లేజరును వెలిగించినాడు. కొన్ని ఏండ్లలోనే లియాన్ గోల్డ్‌మన్ అను చర్మవైద్యుడు దానిని పచ్చబొట్లపై పరీక్షించినాడు. 1983లో ఆండర్సన్, పారిష్ అను ఇద్దరు వైద్యులు దీని సూత్రమును స్పష్టపరచినారు. ఒక్కొక్క రంగు ఒక్కొక్క విధమైన కాంతిని ఎక్కువగా పీల్చుకొనును. ఆ కాంతిని అతి స్వల్పకాలము పంపినచో, వేడి ప్రక్కలకు పాకకముందే రంగురేణువు పగులును.

వెలుగుచున్న లాంతరు చిమ్నీపై చన్నీటి బొట్టు పడినచో గాజు ఠపీమని పగులుట మన ఇండ్లలో చూచినదే. ఇదియు అట్టిదే. క్యూ-స్విచ్డ్ అను యంత్రములలో ఒక్కొక్క వెలుగు సెకనులో 100 కోట్లవ వంతు లెక్కలోను, పికో అను క్రొత్త యంత్రములలో లక్షకోట్లవ వంతు లెక్కలోను ఉండును.

రేణువు పగిలి చిన్న ముక్కలైన పిదప, మోయలేక చతికిలబడిన కణములకు మోయుట సాధ్యమగును. అవి ఆ పొడిని రసనాళముల ద్వారా కొంచెము కొంచెముగా తరలించును. ఈ సంగతి పాఠకులు బాగుగా గుర్తుంచుకొనవలెను: లేజరు పగులగొట్టును, మోసికొని పోవునది దేహమే. సిటింగుల మధ్య వారములకొలది ఎడము అవసరమగుటకు కారణమిదే. డబ్బు ఎక్కువ ఇచ్చి వారమునకొకసారి చేయించుకొన్నను త్వరగా పోదు, చర్మము చెడును.

ఎన్ని సిటింగులు? ఎంత కాలము?

సాధారణముగా ఆరునుండి ఎనిమిది వారములకొక సిటింగు. ఇంటివద్ద సూదితో మసిని పొడిచిన పచ్చబొట్లు నాలుగైదు సిటింగులలో చాలవరకు పోవచ్చును. యంత్రముతో వేసిన దట్టమైన బొమ్మలకు ఎనిమిది, పది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు కావలెను. ఎనిమిది సిటింగులనగా మధ్య ఏడు ఎడములు. అనగా సుమారు పది నెలలనుండి పదమూడు నెలలు. "నెలలో పోగొట్టెదము" అను ప్రకటనలను ఈ లెక్కతో సరిచూచుకొనవలెను.

రంగునుబట్టి ఫలితము మారును. నలుపు, ముదురు నీలము అన్నింటికంటె సులభము. వాటికి 1064 నానోమీటర్ల కాంతి వాడుదురు. ఈ కాంతిని చర్మపు సహజవర్ణము తక్కువగా పీల్చును గనుక మన చామనచాయ, నలుపు చర్మములకు ఇదియే క్షేమము. ఎరుపునకు 532 నానోమీటర్ల కాంతి వాడుదురు. ఆకుపచ్చ, లేతనీలము మొండివి. వాటికి వేరు యంత్రములు కావలెను. పసుపు, తెలుపు మరింత కష్టము. చేతి వ్రేళ్లు, మణికట్టు, కాళ్లపైనున్నవి మెడ, రొమ్ముపై నున్నవాటికంటె నెమ్మదిగా పోవును. ధూమపానము చేయువారికి ఫలితము ఆలస్యమగును.

పూర్తిగా పోవునా? కొందరికి పోవును. అనేకులకు దగ్గరగా చూచిన కనిపించు నీడ కొంత మిగులును. ఏ వైద్యుడును ముందుగా హామీ ఇయ్యలేడు, ఇచ్చినవానిని అనుమానింపవలెను.

చికిత్స జరుగు రోజున

ముందుగా మత్తు లేపనము పూసి ముప్పావుగంట, గంటసేపు ఉంచుదురు. రోగికి, వైద్యునకు కండ్లకు అద్దములు తప్పనిసరి; ఆ వెలుగు కంటిలో పడినచో చూపు పోవచ్చును. రబ్బరు బ్యాండును లాగి విడిచినట్లు, వేడి నూనె తుంపరలు పడినట్లు నొప్పి ఉండును. చిటపట శబ్దము వినిపించును. తగిలినచోట చర్మము తెల్లగా పొంగును. భయపడవలదు, అది పావుగంట, ఇరువది నిమిషములలో తగ్గును. చిన్న పచ్చబొట్టునకు పట్టు కాలము కొద్ది నిమిషములే.

ఆ తరువాత ఎరుపు, వాపు, మంట ఒకటి రెండు రోజులుండును. కొందరికి నీటిపొక్కులు లేచును. పిమ్మట పెచ్చు కట్టి, వారము, రెండు వారములలో రాలును. మొదటి సిటింగు తరువాత మార్పు కనిపించలేదని నిరాశపడవలదు. పొడి తరలుట వారములతరబడి సాగును.

ఇంటివద్ద జాగ్రత్తలు

1. పొక్కులను చిదుమరాదు. పెచ్చును గోరుతో లేపరాదు.

2. పుండు మానువరకు డాక్టరు ఇచ్చిన లేపనము తప్ప మరేదియు రాయరాదు. పసుపు, గంధము, కొబ్బరినూనె, ఆకుపసరు ఏదియు వలదు. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెప్పుచున్నాను.

3. కాలువలోను, చెరువులోను, గోదావరిలోను దిగరాదు. చేపల, రొయ్యల చెరువులపై పనిచేయువారు మానువరకు నీటిలో దిగు పని మానుకొనవలెను. కార్తీకస్నానము ఆ ఏడు ఇంటివద్దనే చేయవచ్చును.

4. ఎండ తగులరాదు. చర్మము ఎండకు కమిలియుండగా చేయించుకొన్నచో మచ్చలు పడును. మన ప్రాంతమువారు రోహిణీకార్తె ఎండలలో కాక, కార్తీకమునుండి ఫాల్గుణములోపు ప్రారంభించుట మంచిది.

5. చీము, జ్వరము, రోజురోజుకు పెరుగు నొప్పి కనిపించినచో ఆనాడే డాక్టరును చూడవలెను.

రాగల ఇబ్బందులు

లేజరు తగిలినచోట చర్మము నల్లబడవచ్చును. ఇది సాధారణముగా నెలలలో తగ్గును. తెల్లబడవచ్చును, ఇది బొల్లి కాదు గాని, సరియగుటకు చాల నెలలు పట్టును, కొందరికి నిలిచిపోవును. పుండు మానిన పిదప చర్మపు వర్ణమును సరిచేయుటకు సుశ్రుతాచార్యులు వ్రణోపక్రమములు అరువదింటిలో కృష్ణకర్మ, పాండుకర్మ అను రెండింటిని ప్రత్యేకముగా చెప్పినారు. అనగా ఈ ఇబ్బంది పూర్వులకును తెలిసినదే. అయితే అట్టి చికిత్స మానిన చర్మమునకు మాత్రమే, అదియు చర్మవైద్యునకు తెలిపిన పిదపనే.

పెదవులకు, కనుబొమలకు వేసిన శాశ్వత రంగులలోను, తెలుపు, గులాబీ రంగులలోను ఉండు కొన్ని ఖనిజములు లేజరు తగిలినంతనే నల్లగా మారును. అందుచే ముందు ఒక మూల చిన్న చుక్కపై పరీక్షించి చూడవలెను. పూర్వము ఎరుపు రంగునకు ఇంగిలీకము వాడెడివారు. అది పాదరసముతో కూడినది. నేటి ఎరుపులు వేరైనను, దురద, దద్దురు ఎక్కువగా కలిగించునది నేటికిని ఎరుపే. పచ్చబొట్టు వేసినప్పటినుండి ఆ చోట దురద ఉన్నచో ఆ సంగతి ముందుగా చెప్పవలెను.

డాక్టరునకు దాచకూడని విషయములు

మధుమేహము, గర్భము, దెబ్బ తగిలినచోట మచ్చ ఉబ్బెత్తుగా పెరుగు స్వభావము, బొల్లి, మొటిమలకు వాడు ఐసోట్రెటినాయిన్ మాత్రలు. కీళ్లవాతమునకు పూర్వము బంగారు లవణముల ఇంజెక్షన్లు ఇచ్చెడివారు. అట్టివి తీసికొన్నవారికి లేజరు తగిలినచోట చర్మము నీలిబూడిద రంగు కావచ్చును. స్వర్ణభస్మము కలిసిన మందులు వాడుచున్నవారు కూడ ఆ సంగతి చెప్పివేయుట మేలు. గర్భిణులు ప్రసవమయ్యేవరకు వాయిదా వేసికొనవలెను.

ఈ చికిత్స చర్మవ్యాధులలో పట్టము పొందిన వైద్యుని వద్దనే చేయించుకొనవలెను. బ్యూటీ పార్లరులలో వెంట్రుకలు తీయుటకు వాడు యంత్రములు ఈ పనికి పనికిరావు, చర్మమును కాల్చును. ఏ యంత్రము, ఏ కాంతి, సిటింగునకు ఎంత, మొత్తము ఎన్ని అని ముందే అడిగి తెలిసికొనవలెను. మొత్తము డబ్బు ముందుగా కట్టవలదు. పచ్చబొట్టు మరీ చిన్నదైనచో కోసి కుట్టువేయుట చౌక, త్వరితము కావచ్చును. సన్నని గీత మిగులును. దీనిని గూర్చియు అడుగవలెను.

సైన్యములో చేరగోరు యువకులకు

గత ఆషాఢములో కోనసీమనుండి ఒక తల్లి తన పదునెనిమిదేండ్ల కుమారుని వెంటబెట్టుకొని వచ్చినది. తీర్థములో యంత్రముతో రొమ్ముపై మూడు రంగుల బొమ్మ వేయించుకొన్నాడు. "ఐదు నెలల్లో మిలట్రీ ర్యాలీ అండి ఆచార్యులుగారూ, ఈలోపు పోయే పసరేదైనా చెప్పండి. రోజూ తెల్లారకుండా లేచి పరిగెడతన్నాడండి" అన్నది. బాలుడు తల వంచుకొని నిలుచున్నాడు.

భారత సైన్యపు నిబంధనల ప్రకారము శాశ్వత పచ్చబొట్లు ముంజేతి లోపలి వైపున, అరచేతి వెనుక వైపున మాత్రమే అనుమతింతురు. గిరిజనులకు వారి ఆచారమునుబట్టి ప్రత్యేక పరిశీలన కలదు. కేంద్ర సాయుధ పోలీసు దళములలో బొమ్మ స్వభావము, పరిమాణము, చోటు కూడ చూతురు. వందనము చేయు కుడిచేతిపై ఉండరాదు. ప్రతి ప్రకటనలోను ఈ నిబంధన ముద్రించబడి యుండును. దరఖాస్తునకు ముందే చదువుకొనవలెను.

నేను వారితో, "అమ్మా, పసరు లేదు. లేజరు ఉన్నది గాని ఐదు నెలలు చాలవు. ఈ ర్యాలీని విడువవలసియుండును" అని చెప్పి నగరములోని చర్మవైద్యుని వద్దకు పంపినాను. తల్లి కండ్ల నీరు పెట్టుకొన్నది. ఇది వ్రాయునాటికి ఆరు సిటింగులైనవి. నలుపు పోయినది. ఎరుపు లేతబడినది. ఆకుపచ్చ ఇంకను కనిపించుచున్నది. పరీక్షించు సైనిక వైద్యులు మిగిలిన నీడను చూచి ఏమందురో ఎవరును చెప్పలేరు. ఆ సంగతి అతనికిని తెలియును. అయినను రోజును తెల్లవారకముందే లేచి పరుగెత్తుచున్నాడు. ఆ బొమ్మ వేయించుకొనుటకు ముందు ఎవరైనా ఒక్క మాట చెప్పియుండినచో ఇంత శ్రమ లేకపోయెడిది.

పథ్యము

సుశ్రుతమతమున వ్రణము గలవారు క్రొత్త బియ్యము, మినుములు, నువ్వులు, అధికమైన పులుపు మానవలెను. పాతబియ్యపు అన్నము, పెసరకట్టు, ఆకుకూరలు, నెయ్యి హితము. నేటి చర్మవైద్యులు ఇట్టి పథ్యము విధింపరు. పాటించినందున నష్టమును లేదు. సారాయి, పొగ మాత్రము ఇరువురి మతములోను నిషిద్ధమే. రాత్రి నిద్ర చెడరాదు. మానుటకు దేహమునకు బలము కావలెను గదా.

తీసివేయవలసినదేనా?

మన పల్లెలలో పూర్వము ఎరుకలవారు ఇల్లిల్లు తిరిగి పచ్చబొట్లు పొడిచెడివారు. దక్షిణదేశపు కులములను గూర్చి 1909లో గ్రంథము వెలువరించిన ఎడ్గార్ థర్‌స్టన్ ఆ రంగు తయారు చేయు విధమును నమోదు చేసినాడు. అవిసె ఆకు, పసుపు నూరి, గుడ్డకు పట్టించి, వత్తిగా చుట్టి, ఆముదపు దీపములో వెలిగించి, పైన బోర్లించిన క్రొత్తకుండకు పట్టిన మసిని గీకి తీసెడివారు. మా నాయనమ్మ గడ్డముపైనను, ముంజేతులపైనను అట్టి చుక్కలుండెడివి. ఆ మసి బొట్లు లేజరునకు అతి సులభముగా లొంగునవి. కాని వాటిని తీసివేయవలెనని ఆ తరమువారిలో ఎవరికిని తోచలేదు. అత్తగారు పొడిపించినది, అక్కచెల్లెండ్రతో కలిసి పొడిపించుకొన్నది అని మురిసెడివారు. అట్టి పచ్చబొట్టు గల పెద్దలు ఇంట ఉన్నచో, పాతకాలపుదని సిగ్గుపడి వారిని చికిత్సకు తొందరపెట్టవలదు.

క్రొత్తగా వేయించుకొనగోరు పిల్లలకు రెండు మాటలు. తీర్థములలో ఒకే సూదితో పదిమందికి పొడుచుటవలన హెపటైటిస్-బి, హెపటైటిస్-సి, హెచ్.ఐ.వి. సోకవచ్చును. అట్లు వేయించుకొన్నవారు రక్తపరీక్ష చేయించుకొనుట మంచిది, ప్రభుత్వాసుపత్రులలో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితము. రెండవ మాట: వేయుటకు ఒక గంట, తీయుటకు ఒక సంవత్సరము. ఉత్సాహము ఎక్కువగా ఉన్న పిల్లలను తల్లిదండ్రులు కోపపడక, ఈ లెక్కను చెప్పి, ముందు గోరింటాకుతో ఆ బొమ్మనే వేయించి చూడవలెను. అది పోయిన పిదప కూడ కావలెననిపించునో లేదో వారికే తెలియును.